పంది ఉన్నది 160లో, నా లెక్క చెప్పింది 250

డిసెంబరు మొదటి వారం. సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, వాగు ఒడ్డున ఉన్న మా మామ శనగచేనులో, మంచె మీద బోర్లా పడుకుని ఒక తూటా కాల్చాను. అది పంది వీపు మీదుగా పోయింది. అయిదు పందులూ కంచె కింద నుంచి దూరి వాగులోకి దిగిపోయాయి. కింద నిలబడ్డ మామ చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

నేను పదిహేడేళ్ళు సైన్యంలో చేసి వచ్చినవాడిని. రైఫిలు నాకు కొత్త కాదు. స్కోపులోని చుక్కలతో దూరం కట్టే సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా 160 మీటర్ల దూరంలో, కదలకుండా అడ్డంగా నిలబడ్డ జంతువును తప్పాను. మర్నాడు ఉదయం టేపు పట్టుకుని చేనంతా తిరిగాక గానీ ఎందుకు తప్పిందో తేలలేదు. ఆ లెక్క మొత్తం ఇక్కడ విప్పి పెడుతున్నాను.

చేను, అనుమతి, తుపాకి

మాది రాజురా తెలుగువాళ్ళ ఇల్లు. 1956 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. అందుకే తాత కాలంనాటి భూమి కాగితాలు ఉర్దూలో, నాన్న కాలంవి మరాఠీలో ఉంటాయి, ఇంట్లో మాట తెలుగు. పొలాల్లో పత్తి, కంది, సోయాబీన్. సోయాబీన్ తీసేశాక నీళ్ళున్నవాళ్ళు శనగ వేస్తారు. ఆ శనగ మీదికి అడవిపందులు వస్తాయి. తినేది తక్కువ, ముట్టెతో దున్ని పారేసేది ఎక్కువ. మామ పాత చీరలు కట్టి చూశాడు, డబ్బా మోగించాడు, టపాకాయలు కాల్చాడు. పది రోజులకు పందులు టపాకాయల చప్పుడుకు తల కూడా ఎత్తడం మానేశాయి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 11వ సెక్షన్ కింద, పంటను పాడుచేస్తున్న అడవిపందిని కాల్చడానికి అటవీశాఖ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా కాలిస్తే అది వేట, నేరం. కాగితం ఉన్నా కాల్చిన జంతువు మనది కాదు. 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానిది. మామ దరఖాస్తు పెట్టుకున్నాడు. గార్డు వచ్చి చేను చూశాడు, పంచనామా రాశాడు. కాగితం చేతికి వచ్చాక నన్ను పిలిచారు.

నా దగ్గర ఉన్నది లైసెన్సు మీద కొన్న థర్టీ-ఆట్-సిక్స్ బోల్ట్ యాక్షన్ రైఫిలు. 100 మీటర్లకు జీరో చేసి ఉంది. అంటే వంద మీటర్లలో గురి ఎక్కడ పెడితే తూటా అక్కడే తగులుతుంది. నా తూటాతో కాగితాల మీద కాల్చి రాసుకున్న లెక్క ప్రకారం 160 మీటర్లలో అయిదు సెంటీమీటర్లు, 200లో 14, 250లో దాదాపు 28 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. ఈ అంకెలు మళ్ళీ వస్తాయి, గుర్తు పెట్టుకోండి.

స్కోపు 4 నుంచి 16 పవర్ వరకు, అంటే బొమ్మను నాలుగు నుంచి పదహారు రెట్లు పెద్దది చేసేలా తిరిగేది, ముందు అద్దం 44 మిల్లీమీటర్లు. లోపల మిల్-డాట్ రెటికిల్: అడ్డం, నిలువు గీతలు, మధ్య నుంచి నాలుగు వైపులా నాలుగేసి చుక్కలు, అయిదో చుక్క ఉండాల్సిన చోట గీత లావవుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం ఒక మిల్, చిన్న కోణం. దాని సంగతి కింద చెబుతాను.

ఆ సాయంత్రం

లేజరు దూరమాపకం లేదా అని అడుగుతారు. ఉంది, అరువు తెచ్చుకున్నది. మంచెకూ కంచెకూ మధ్య ఒక పక్క కందిసాళ్ళు ఉన్నాయి, పూత మీద ఉన్నాయి. నేను కంచె వైపు పెట్టి మీట నొక్కితే అది 74 అంది. ఇంకోసారి 71. దాని కిరణం ముందున్న కందికొమ్మను తాకి వెనక్కి వస్తోంది. మూడోసారి అసలు అంకె రాలేదు. దాన్ని పక్కన పెట్టాను.

పందులు వాగు వైపు నుంచి వచ్చాయి. ఒకటి కంచె పొడవునా ఉన్న ఖాళీ దారిలోకి వచ్చి అడ్డంగా నిలబడింది. అది నాకు కలిసొచ్చిన సంగతి, ఎందుకంటే అక్కడ పైరు లేదు, గిట్టల దగ్గర నుంచి మూపు వరకు మొత్తం కనిపిస్తోంది. గిట్టల దగ్గర ఒక చుక్క పెట్టి పైకి లెక్కపెట్టాను. సరిగ్గా మూడు చుక్కలకు మూపు వచ్చింది. 3.0.

పంది ఎంత ఎత్తు? మామ ముందే చెప్పాడు: "దున్నపోతంత ఉంది అల్లుడూ, నా నడుము దాకా వస్తుంది." పంట పోగొట్టుకున్న రైతుకు కనిపించే పంది ఎప్పుడూ దున్నపోతంతే ఉంటుంది, కాబట్టి కొంత తగ్గించుకున్నాను. మంచి మగపంది మూపు దగ్గర 85 సెంటీమీటర్లు ఉంటుంది. 75 అనుకుందాం అనుకున్నాను. తగ్గించాను కదా, జాగ్రత్తగా ఉన్నాను కదా అని నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

0.75 మీటర్లు, వెయ్యితో గుణిస్తే 750. దాన్ని మూడుతో భాగిస్తే 250 మీటర్లు. 250కి 28 సెంటీమీటర్లు పడుతుంది, అంటే దాదాపు 1.1 మిల్. మధ్య గీత కింద మొదటి చుక్కకు ఒక వెంట్రుక దిగువన రొమ్మును పెట్టుకుని, ఊపిరి సగం వదిలి, కాల్చాను.

చీకటి పడింది. వాగులోకి దిగి వెతకడం అనే మాటే లేదు. రాజురా అడవుల్లో పెద్దపులి తిరుగుతుంది. గాయపడిన పంది ఉన్న పొదలోకి రాత్రి దూరేవాడు రెండు రకాలుగా మూర్ఖుడు. గార్డుకు ఫోను చేసి చెప్పాను. తెల్లవారగానే ఇద్దరం వెళ్ళాం. మామ వెనకాలే వచ్చాడు.

మిల్ అంటే ఏమిటో ఒక్క మాటలో

తెలిసినవాళ్ళు ఈ భాగం వదిలేయవచ్చు. మిల్ అనేది కోణం, రేడియన్‌లో వెయ్యో వంతు. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు ఎత్తున్న వస్తువు ఒక మిల్‌గా కనిపిస్తుంది. వంద మీటర్లలో పది సెంటీమీటర్లదీ అంతే. అందుకే వస్తువు ఎత్తును మీటర్లలో వేసుకుని, వెయ్యితో గుణించి, ఎన్ని మిల్‌లు కనిపించిందో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. కొన్ని స్కోపులు మిల్‌లు కాకుండా డిగ్రీలో అరవయ్యో వంతు లెక్కలో ఉంటాయి. వంద మీటర్లలో అది 2.9 సెంటీమీటర్లు. అప్పుడు గుణించే అంకె మారుతుంది, పద్ధతి మారదు.

మొదట్లో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక మిల్ అంటే చుక్క మధ్య నుంచి చుక్క మధ్యకు. చుక్కకు కూడా మిల్‌లో అయిదో వంతో నాలుగో వంతో లావు ఉంటుంది కాబట్టి, అంచు నుంచి అంచుకు కొలిస్తే ఆ మేరకు పోతుంది. ఇది నేను చేయలేదు. నేను చేసినవి ఇంతకన్నా పెద్దవి.

టేపు చెప్పింది

ముందు రక్తం కోసం వెతికాం. పంది నిలబడ్డ చోట గిట్టల గుర్తులు లోతుగా, ఒక్కసారిగా నేలను తన్ని దూకినట్టు ఉన్నాయి. రక్తం బొట్టు లేదు, వెంట్రుక లేదు. కంచె దాటి వాగు దాకా, అవతలి ఒడ్డు దాకా గుర్తుల వెంట వెళ్ళాం. అయిదింటి నడకా బాగానే ఉంది, ఏదీ కాలు ఈడ్చలేదు. గార్డు నోటు పుస్తకంలో "గాయం లేదు" అని మరాఠీలో రాసుకున్నాక నాకు కాస్త తేలికయింది. తప్పడం సిగ్గు. గాయపరిచి వదిలేయడం పాపం, పైగా ఆ పంది తరవాత ఎవరికి ఎదురుపడుతుందో తెలియదు.

కంచెకు ఇరవై మీటర్ల అవతల, వాగు గట్టు పొలం వైపు మనిషెత్తు మట్టిగోడలా ఉంటుంది. మంచెను అక్కడ వేయించింది దాని కోసమే. తూటా తప్పితే ఆ మట్టిలోకి పోవాలి, ఊరి వైపు కాదు. ఆ గోడలో తాజా గుంట కనిపించింది, నేల నుంచి జానెడు ఎత్తులో. నా రైఫిలు మంచె మీద నేలకు మూడున్నర మీటర్ల ఎత్తున ఉంది. పంది రొమ్ము మీదుగా చూపును నేరుగా సాగదీస్తే అది గట్టు మొదట్లో, నేలను తాకుతూ ఆగాలి. తూటా జానెడు పైన దిగింది. ఎడమకు గానీ కుడికి గానీ పోలేదు. చెయ్యి తప్పలేదు, దూరమే తప్పింది.

అప్పుడు టేపు తీశాం. ముప్పై మీటర్లది, మామ బోరు పైపులు వేయించినప్పటిది. మంచె కాలి దగ్గర గార్డు పట్టుకున్నాడు, నేను నడిచాను. అయిదు టేపులు, పైన పది మీటర్లు. 160.

నేను టేపును రెండోసారి వేయించాను. మామకు విసుగొచ్చింది. "నేల పెరుగుతుందా అల్లుడూ?" అన్నాడు. రెండోసారీ 160.

పాతికా పరకా తేడా అయితే అర్థం చేసుకోవచ్చు. తొంభై మీటర్లు! అలవాటైన కన్ను చేసే తప్పు కాదు అది. సైన్యంలో కంటితోనే దూరం చెప్పడం నేర్పుతారు: వంద మీటర్ల పొడవును మనసులో పెట్టుకుని, ఎదుటి నేల మీద అది ఎన్నిసార్లు పడుతుందో చూడడం. ఆ సాయంత్రం నన్ను ఊరికే అడిగి ఉంటే నూట యాభై, నూట డెబ్భై అనేవాడిని. చుక్కలు 250 అనేసరికి నా కంటిని నేనే నమ్మలేదు.

తప్పు ఎక్కడ

కంచె దగ్గర కూర్చుని స్కోపు తిప్పి చూశాను. పవర్ రింగు 8 మీద ఉంది. అక్కడే సగం సంగతి తెలిసిపోయింది.

స్కోపులు రెండు రకాలు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రకంలో పవర్ పెంచితే బొమ్మతో పాటు చుక్కలూ పెరుగుతాయి, ఏ పవర్ మీదనైనా మిల్ మిల్లే. సెకండ్ ఫోకల్ ప్లేన్ రకంలో బొమ్మ పెరుగుతుంది, తగ్గుతుంది, చుక్కలు మాత్రం కంటికి ఎప్పుడూ ఒకే ఎడంలో ఉంటాయి. కాబట్టి చుక్కల మధ్య దూరం ఒకే ఒక్క పవర్ దగ్గర మాత్రమే నిజమైన మిల్. నాది రెండో రకం. 10 పవర్ మీద నిజం అని దాంతో వచ్చిన కాగితంలోనే ఉంది.

పది మీద ఎందుకు పెట్టలేదు? మసక. ముందు అద్దాన్ని పవర్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వలయం వెడల్పు వస్తుంది. 16 మీద అది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, 10 మీద 4.4, 8 మీద 5.5. ఆ వేళకు 8 మీద పంది స్పష్టంగా కనిపించింది, అందుకే అక్కడికి తిప్పాను. తిప్పడం తప్పు కాదు. తిప్పాక చుక్కల విలువ మారిందని మరిచిపోవడం తప్పు. పదిని ఎనిమిదితో భాగిస్తే 1.25. నేను చూసిన ప్రతి చుక్క ఎడమూ మిల్ కాదు, మిల్లుంపావు. 3.0 అనుకున్నది నిజానికి 3.75.

అక్కడికి దూరం 200కు దిగింది. ఇంకో నలభై ఎక్కడ?

అది కంచె చెప్పింది. మామ కంచెకు నాలుగు ముళ్ళతీగలు. పంది ఆ తీగల పక్కనే నిలబడింది. దాని వీపు గీత రెండో తీగతో కలిసిపోయి కనిపించిన సంగతి నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మూపు ఎక్కడ ముగిసిందో తేల్చుకోవడానికి తీగను, వీపును వేరుచేసి చూడాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నా కన్ను చూసింది, బుర్ర చూడలేదు. ఇప్పుడు టేపు నేల మీద పెట్టి రెండో తీగ దాకా లాగాను. 60 సెంటీమీటర్లు.

దున్నపోతు 60 సెంటీమీటర్లు! 600ను 3.75తో భాగిస్తే 160. టేపు అంకె, చుక్కల అంకె కలిశాయి. చుక్కలు మొదటి నుంచీ నిజమే చెబుతున్నాయి. నేను వాటికి తప్పుడు పంది ఎత్తు ఇచ్చాను, తప్పుడు పవర్ ఇచ్చాను. రెండు తప్పులూ ఒకే వైపు లాగాయి: పంది పెద్దదనుకుంటే దూరం పెరుగుతుంది, చుక్క చిన్నదనుకున్నా దూరం పెరుగుతుంది. ఒక్కొక్కటి నూటికి ఇరవై అయిదు. కలిసేసరికి యాభై ఆరు.

మూడోది కూడా ఉంది, దాన్ని నేను ఆలస్యంగా పట్టుకున్నాను. గురి పైకెత్తడానికి వాడింది కూడా అవే చుక్కలు. 1.1 మిల్ అనుకుని పెట్టింది 8 పవర్ మీద 1.37 మిల్. 160 మీటర్లలో అది 22 సెంటీమీటర్లు. పడాల్సింది అయిదు. మిగిలిన 17 సెంటీమీటర్లూ తూటా రొమ్ము మధ్యకు పైనే ఉంది. 60 సెంటీమీటర్ల పందికి రొమ్ము మధ్య నుంచి వీపు అంచుకు అంతకన్నా ఎక్కువ ఉండదు. వాగు గట్టులో జానెడు ఎత్తున ఉన్న గుంట లెక్క కూడా దీనితో సరిపోయింది. వీపు వెంట్రుకలను గాలి తాకి ఉంటుంది.

లెక్క రానివాడైతే కొట్టేవాడు

ఇది రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది కానీ రాయాలి. చుక్కలు, మిల్‌లు ఏమీ తెలియనివాడు ఆ మంచె మీద ఉండి, గీతల మధ్యను నేరుగా రొమ్ము మీద పెట్టి కాల్చి ఉంటే, తూటా అయిదు సెంటీమీటర్లు కింద తగిలేది. పంది అక్కడే పడేది. నా రైఫిలుకు 160 వరకు దూరం లెక్కే అక్కర్లేదు. లెక్క కట్టినందుకే తప్పాను.

మరి దూరం ఎప్పుడు కావాలి? 200 దగ్గర 14 సెంటీమీటర్లు, 250 దగ్గర దానికి రెట్టింపు. 200 దాటాక తప్పుడు దూరం అంటే పొట్టలోనో కాలికో తగలడం. కాబట్టి పంటచేనులో చుక్కలను నేను అడగాల్సింది "ఎన్ని మీటర్లు?" అని కాదు, "200 లోపేనా?" అని. ఈ రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి. పంది ఎత్తు ఎంత అనుకోవాలి అన్న దగ్గర విడిపోతాయి.

ఎత్తు తెలియదు. 60 కావచ్చు, 85 కావచ్చు. చిన్నదనుకుని లెక్క కట్టాననుకోండి: 60 సెంటీమీటర్ల పంది 200 మీటర్లలో 3 మిల్. మూడు కనిపిస్తే కాలుస్తాను. కానీ అది 85 ఉన్న పెద్ద మగది అయితే మూడు మిల్ అంటే 283 మీటర్లు. గాయం ఖాయం. అదే పెద్దదనుకుని హద్దు పెడితే, 85 సెంటీమీటర్లు 200 మీటర్లలో 4.25 మిల్. అంతకన్నా తక్కువ కనిపిస్తే కాల్చను. పెద్ద పంది అయితే 200 లోపే ఉంది. చిన్నదయితే 141 మీటర్లలో ఉంది, ఇంకా దగ్గర. ఎటు తప్పినా తూటా తప్పదు. నష్టం ఒకటే: 160లో ఉన్న చిన్న పందిని వదిలేయాల్సి వస్తుంది. వదిలేస్తే మామకు కోపం, అంతే.

ఆ రోజే తెల్లటి మెడికల్ ప్లాస్టరు ముక్క మీద "10 మీద 4¼" అని రాసి రైఫిలు కట్టెకు, చెంప ఆనే చోట అంటించాను. ఇప్పటికీ ఉంది, అంచులు నల్లబడ్డాయి.

సున్నం రాసిన స్తంభాలు

ఆ మాత్రం హద్దుతో సరిపెట్టుకోవచ్చు. కానీ ఎత్తు తెలిసినవి చేనులోనే నిలబడి ఉన్నాయి కదా, పందినే ఎందుకు కొలవాలి అనిపించింది. మామ కంచె స్తంభాలు సిమెంటువి, నేల పైన 120 సెంటీమీటర్లు. పంది ఎత్తులా అవి మారవు, పక్కకు తిరగవు, పైరులో మునగవు. ఈ చివరిది చిన్న విషయం కాదు. జానెడు శనగలో నిలబడ్డ పందికి గిట్టలు కనిపించవు. 60లో 15 పోతే దూరం మూడో వంతు ఎక్కువ వస్తుంది. పొడవు కొలుద్దామా అంటే, కాస్త ఏటవాలుగా నిలబడితే చాలు, ముప్పై డిగ్రీలకే నూటికి పదమూడు పాళ్ళు తగ్గిపోతుంది.

ముందు స్కోపును పరీక్షించాను. ఇక్కడ ఒక హెచ్చరిక. స్కోపుతో కొలవడం అంటే తుపాకిని దాని వైపు గురిపెట్టడమే. పగటిపూట చేనులో కూలీలు ఉంటారు, పిల్లలు తిరుగుతారు. కాబట్టి కొలతలప్పుడు రైఫిలులో బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, ఉండకూడదు. తీసి చొక్కా జేబులో వేసుకుంటాను, బరువుకు జేబు వేలాడుతుంది, అదే గుర్తు. తూటాల పెట్టె ఇంట్లో ఉంటుంది. అయినా కూలీలందరూ చేను దాటాకే మొదలుపెడతాను. వీలున్నవాళ్ళు మిల్ గీతలున్న బైనాక్యులర్ కొనుక్కోవడం అన్నిటికన్నా మేలు.

వెదురు కర్రకు ప్రతి పది సెంటీమీటర్లకూ నల్ల టేపు చుట్టి, వంద మీటర్లు కొలిచి నిలబెట్టాను. 10 చుక్కల ఎడం సరిగ్గా ఒక మీటరును కప్పితే అది నిజమైన మిల్. రింగు మీద 10 అని ఉన్న చోట 102 సెంటీమీటర్లు కప్పింది. రింగును పది దాటి కొంచెం ముందుకు జరిపితే గానీ వంద కాలేదు. అక్కడ తెల్ల రంగుతో చుక్క పెట్టాను. రింగు మీద అచ్చేసిన అంకెను నమ్మి కూర్చుంటే నూటికి రెండు పాళ్ళు ఊరికే పోయేవి. 8 మీద కూడా చూశాను, 127. ముందు రోజు నా తల మీద పడ్డ పిడుగును కర్ర మీద చూసినట్టయింది.

తరవాత అయిదు స్తంభాలకు సున్నం రాయించాం, ఒక్కోదానికి దాని నంబరుకు తగినన్ని పట్టీలు. మంచె నుంచి టేపు వేసి దూరాలు తీశాం: 92, 118, 141, 160, 187. మంచె ఎక్కి చుక్కలతో కొలిచాను. మొదటిది కొలతకు అందలేదు. 92 మీటర్లలో 120 సెంటీమీటర్లు అంటే 13 మిల్‌లు, నా రెటికిల్‌లో పైనా కిందా కలిపి పదే. దానికి రెండో తీగ దాకా మాత్రం కొలిస్తే 6.5 వచ్చింది, సరిపోయింది. రెండోదీ పది దాటింది, దాన్నీ అలాగే కొలిస్తే 5.1. మూడోది 8.4, అంటే 143 మీటర్లు. నాలుగోది 7.5, అచ్చం 160. అయిదోది 6.3, అంటే 190. ఎక్కడా తేడా నాలుగు మీటర్లు దాటలేదు.

పంది మీద 3 చదవడంలో 0.1 తప్పితే దూరం నూటికి మూడు పైన పోతుంది. స్తంభం మీద 7.5 చదవడంలో అదే 0.1 తప్పితే ఒకటిన్నర కూడా పోదు. పెద్ద వస్తువు, తెలిసిన వస్తువు: ఈ రెండూ దొరికితే చుక్కలంత మంచి కొలబద్ద లేదు. తెలియని చిన్న వస్తువు మీద పెడితే అవి మన ఊహకే రెండు దశాంశాలు తగిలించి తిరిగి ఇస్తాయి.

అంకెలు ఒక చీటీ మీద రాసి మంచె కట్టెకు మేకుతో కొట్టాను. మామ దాన్ని చూసి, "ఇంత చేసే బదులు అయిదు స్తంభాల దగ్గరా అయిదుగురిని నిలబెడితే పందులు రావు కదా" అన్నాడు. కాదనలేకపోయాను.

రెండోసారి

నాలుగు రోజుల తరవాత, తెల్లవారుజామున. వాగు మీద నుంచి పొగమంచు, దానికి సిమెంటు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే దుమ్ము తోడు. అయిదో స్తంభం కనిపించనే లేదు, నాలుగోది నీడలా ఉంది. కాబట్టి అటు వైపు ఏది వచ్చినా నాకు సంబంధం లేదు.

ఆరున్నరకు నాలుగు పందులు వచ్చాయి. శనగలోకి దిగాయి, కాళ్ళు మునిగాయి. మూపు నుంచి కనిపించిన మేరకు కొలవబోయి ఆపేశాను. ఒకటి తవ్వుకుంటూ తవ్వుకుంటూ మూడు పట్టీల స్తంభం పక్కకు వచ్చింది. 141. చీటీ చూడాల్సిన పని కూడా లేదు. తెల్లచుక్క మీద రింగు ఉందో లేదో వేలితో తడిమి చూసుకున్నాను, అలవాటు కావాలని. వెనక వాగు గట్టు ఉంది. పంది పక్కకు తిరిగే దాకా ఆగాను, రెండు నిమిషాలు పట్టింది. గీతల మధ్యను నేరుగా రొమ్ము మీద పెట్టాను. పైకీ కిందికీ ఏమీ జరపలేదు.

అది రెండు అడుగులు వేసి పడిపోయింది. ఆ ఉదయం నేను చుక్కలతో కొలిచింది ఏమీ లేదు.

గార్డు వచ్చేసరికి ఎనిమిదయింది. పంచనామాకు టేపు వేశాడు. మగది, ఎదుగుతున్న వయసుది, మూపు దగ్గర 63 సెంటీమీటర్లు. అటవీ సిబ్బంది ఎదుటే గొయ్యి తీసి పూడ్చారు. సంతకాలు అయ్యాక మామ గొయ్యి వైపు చూస్తూ, "ఇది కాదు అల్లుడూ. ఆ రోజుది దీనికి రెండింతలు ఉంటుంది" అన్నాడు.

నేను కంచె రెండో తీగ వైపు చూపించాను. ఆయన అటు తల తిప్పలేదు.